కుడుకల పొడి కొబ్బరి పిండి కాదు

సంపాదకులకు నమస్కారం.

గోధుమ పడనివాళ్ల కోసం మీ ఆదివారం అనుబంధంలో కొబ్బరి పిండి పాన్‌కేక్‌ల తయారీ ఇచ్చారు. ఇలాంటి ఇళ్లను గుర్తుపెట్టుకొని రాసినందుకు సంతోషం. అయితే అందులో రెండు మాటలు సరిదిద్దకపోతే చదివి చేసుకున్నవాళ్ల గుడ్లు, నెయ్యి దండగ అవుతాయి. మైదా ఎంత పోస్తామో కొబ్బరి పిండి కూడా అంతే పోయాలన్నారు. కొబ్బరి పిండి దొరక్కపోతే కుడుకలు, అంటే ఎండు కొబ్బరి చిప్పలు, మిక్సీ పట్టుకోవచ్చన్నారు. మొదటిది పాటిస్తే గొంతు దిగని ఇసుక ముద్ద వస్తుంది. రెండోది పాటిస్తే పెనం మీద నూనె కారే తురుము మిగులుతుంది.

ముందు కుడుకల సంగతి. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా కిరాణం కొట్టులో కొబ్బరి పొడి అడిగితే ఇచ్చేది కుడుక పొడే. కూరల్లోకి, లడ్డూల్లోకి దానికి సాటి లేదు. కానీ కుడుక బరువులో 60 శాతానికి పైగా నూనె ఉంటుంది. కొబ్బరి పిండి అలా కాదు. పచ్చి కొబ్బరిని రుబ్బి, పాలు పిండి, ఆ పాలతో పాటే కొవ్వు చాలావరకు పోయాక మిగిలిన పిప్పిని ఆరబెట్టి మెత్తగా విసిరితే వచ్చేదే కొబ్బరి పిండి. మిగిలినదాంట్లో పెద్ద వాటా పీచుదే. ఆ పీచు తన బరువుకు మూడు నాలుగు రెట్ల నీళ్లు తాగి ఉబ్బుతుంది. నూనె నిండిన కుడుక పొడి అలా తాగలేదు. రెంటినీ పోల్చుకోవడానికి ఒక పరీక్ష చాలు. గిన్నెలో నాలుగు చెంచాల గోరువెచ్చటి నీళ్లు పోసి ఒక చెంచా పొడి వేసి ఐదు నిమిషాలు ఆగండి. కొబ్బరి పిండి అయితే నీళ్లు తాగి ఉబ్బి చిక్కబడుతుంది. కుడుక పొడి అయితే తేలుతూనే ఉంటుంది, పైన నూనె చుక్కలు కనిపిస్తాయి. ప్యాకెట్ కొనేవాళ్లు ‘డెసికేటెడ్ కోకోనట్’ అని ఉంటే అది కుడుక పొడి కిందే లెక్క అనుకోవాలి, ‘కోకోనట్ ఫ్లోర్’ అని ఉన్నదే తీసుకోవాలి.

మన జిల్లాల్లో కొబ్బరి తోటలు తక్కువే కానీ కొబ్బరికాయ కొట్టని ఇల్లు లేదు. యాదగిరిగుట్టకో, చెర్వుగట్టుకో, మన్యంకొండకో పోయివస్తే నాలుగైదు చిప్పలు ఇంటికొస్తాయి. వాటితో పిండి ఇంట్లోనే చేసుకోవచ్చు. చిప్ప ఆ రోజుదే కావాలి. ఎండలో తిరిగి సాయంత్రానికి జిగురు పట్టినా, గులాబీ మచ్చలు వచ్చినా పారేయాల్సిందే. గోధుమ రంగు పొర చెక్కేసి ముక్కలు కోసి, కాయకు రెండు కప్పుల గోరువెచ్చటి నీళ్లతో మిక్సీలో మెత్తగా రుబ్బి పలుచటి బట్టలో గట్టిగా పిండాలి. ఆ పిప్పినే మళ్లీ ఒక కప్పు వేడి నీళ్లతో తిప్పి రెండోసారి పిండాలి. ఈ రెండోసారిని వదిలేస్తే కొవ్వు ఎక్కువ ఉండిపోయి పిండి త్వరగా ముక్క వాసన కొడుతుంది. పిండిన పిప్పిని పళ్లెంలో పలుచగా పరచి పైన పలుచటి గుడ్డ కప్పి ఆరబెట్టాలి. ఏప్రిల్, మే ఎండలకు మన దగ్గర ఒక పగలు చాలు. వానాకాలంలో మందపాటి మూకుడులో సన్నటి సెగ మీద 20, 25 నిమిషాలు కలుపుతూ ఆరబెట్టాలి, రంగు మాత్రం మారకూడదు. పిడికిట పట్టి వదిలితే ముద్ద కట్టకుండా గలగలా రాలితే ఆరినట్టు.

పూర్తిగా చల్లారాకే మిక్సీ పట్టాలి, అదీ పది సెకన్లకోసారి ఆపుతూ. ఆపకుండా తిప్పితే వేడికి మిగిలిన నూనె బయటికొచ్చి పిండి జార్ అడుగున పిడచ కడుతుంది. తర్వాత మైదా జల్లెడతో జల్లించి, పైన మిగిలిన రవ్వను ఇంకోసారి తిప్పాలి. మోస్తరు కాయ ఒక్కదానికి 50 గ్రాముల దరిదాపు పిండి వస్తుంది. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో నెల రోజులు ఉంచవచ్చు. పిండిన పాలను పారబోయొద్దు, అట్ల పిండిలో అవే పనికొస్తాయి. సెలియాక్ (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు) కొత్తగా బయటపడినవాళ్లలో కొందరికి పేగు మానేదాకా పాలలోని లాక్టోజ్ కూడా పడదు. అలాంటివాళ్లకు కొబ్బరి పాలు మేలు.

ఈ పిప్పిని గిర్నీకి తీసుకుపోవద్దు. గిర్నీ రాయి సందుల్లో, గొట్టంలో, సంచి అంచుల్లో గోధుమ పిండి ఉంటుంది. మనం ఏ పిండి పట్టించినా మొదటి కిలోలో అది కలిసి వస్తుంది. జొన్నలు, బియ్యం, తైదలు (రాగులు), సజ్జలు, మక్కలు వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. కానీ గోధుమలు పట్టిన గిర్నీలో పట్టించిన జొన్న పిండికి ఆ మాట వర్తించదు. పొద్దున్నే మొదటి వంతు మనదే అయినా నిన్నటి పిండి లోపలే ఉంటుంది. సెలియాక్ ఉన్న ఇంట్లో జొన్నలు కడిగి ఆరబోసి చిన్న పిండిమర మీదనో మిక్సీలోనో ఇంట్లోనే పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. పట్టణాల్లో గిర్నీ పెట్టుకున్నవాళ్లు ఒక్క రాయినైనా గోధుమ తగలకుండా ఉంచితే, అలా ఉంచామని బోర్డు మీద రాస్తే ఎన్నో ఇళ్లకు మేలు చేసినట్టు అవుతుంది. ఈ మాటను మీ జిల్లా పేజీలో వేస్తారని ఆశ.

ఇక అట్లు. ఈ కొలత ఏడెనిమిది చిన్న అట్లకు సరిపోతుంది. కొబ్బరి పిండి 30 గ్రాములు, గుడ్లు మూడు, పాలు 60 మిల్లీలీటర్లు, కరిగించి చల్లార్చిన నెయ్యి ఒక పెద్ద చెంచా, మెత్తటి బెల్లం పొడి ఒక పెద్ద చెంచా, బేకింగ్ పౌడర్ అర టీ చెంచా, చిటికెడు ఉప్పు, రెండు యాలకుల పొడి. పిండిని తూకం వేయమని గట్టిగా చెబుతాం. పావు కప్పు అంటే 28, 30 గ్రాములు. అదే కప్పును డబ్బాలో ముంచి అదిమి తీస్తే 40 గ్రాములు పడుతుంది. మైదాలో పది గ్రాముల తేడాను పాలు సర్దుతాయి. ఇక్కడ అదే పది గ్రాములు ఇంకో 30, 40 గ్రాముల తడిని లాగేసుకుంటుంది. చాలామంది అట్లు చెడేది ఇక్కడే. తూకం లేకపోతే పిండిని చెంచాతో వదులుగా పోసి కత్తి వీపుతో పైన సమం చేసి నాలుగు పెద్ద చెంచాలు తీసుకోండి. ఇంట్లో చేసుకున్న పిండిలో కొవ్వు కాస్త ఎక్కువ కాబట్టి తడి తక్కువ తాగుతుంది. దానికి పాలు ముందు 40 మిల్లీలీటర్లే పోసి, కావాలంటే తర్వాత కలుపుకోవాలి. వానాకాలంలో మూత తీసి పెట్టిన పిండి గాలిలో చెమ్మ లాగి ఉంటుంది, అప్పుడూ అంతే.

గుడ్లు మూడెందుకని అడుగుతారు. మైదాలో గ్లూటెన్ వల లాగా సాగి అట్టును పట్టి ఉంచుతుంది. కొబ్బరి పిండిలో అలాంటిదేమీ లేదు. ఉడికి గట్టిపడే గుడ్డే ఆ పని చేయాలి. గుడ్డు ఒకటి తగ్గిస్తే అట్టు తిప్పగానే విరిగిపోతుంది. గుడ్డు వాసన నచ్చనివాళ్లు గుడ్లు తగ్గించకుండా యాలకులు పెంచాలి, లేదా ఒక పెద్ద చెంచా సగ్గుబియ్యం పిండి కలుపుకోవాలి. దాంతో వాసన తగ్గి అట్టు కాస్త మెత్తగా కూడా వస్తుంది.

పిండి, ఉప్పు, బేకింగ్ పౌడర్ కలిపి ఒకసారి జల్లించాలి. కొబ్బరి పిండిలో చిన్న ఉండలు ఉంటాయి, అవి తడిలో కరగవు. తింటుంటే పంటి కింద రవ్వలా తగిలేది అవే. వేరే గిన్నెలో గుడ్లు, బెల్లం నురగ వచ్చేదాకా ఒక నిమిషం బాగా గిలక్కొట్టి, పాలు, నెయ్యి పోయాలి. పాలు, గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వాడితే నెయ్యి పేరుకొని గింజలు కడుతుంది. అరగంట ముందు బయట పెట్టుకుంటే చాలు. పొడిని తడిలో పోసి ఉండలు లేకుండా కలిపి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగాలి. కలిపిన వెంటనే పలుచగా కనిపిస్తుంది. అది చూసి ఇంకో చెంచా పిండి వేయడం అందరూ చేసే తప్పు. ఐదు నిమిషాలకు పీచు తడి తాగి అదే చిక్కబడుతుంది. చివరికి గంటెతో ఎత్తితే దోశ పిండిలా జారకూడదు, ఇడ్లీ పిండిలా ముద్దగా పడాలి. మరీ గట్టిగా ఉంటే ఒక్కో చెంచా పాలు కలుపుతూ సర్దుకోవాలి. అలాగని అరగంట వదిలేయొద్దు, బేకింగ్ పౌడర్ పొంగు గిన్నెలోనే అయిపోతుంది.

పెనం నాన్‌స్టిక్ అయినా, బాగా నూనె పట్టిన ఇనుప పెంక అయినా మంచిదే. మధ్య సెగ మీద రెండు మూడు నిమిషాలు కాలాక సెగ పూర్తిగా తగ్గించి, కొంచెం నెయ్యి రాసి రెండు పెద్ద చెంచాల పిండి వేయాలి. దోశలా తిప్పి పలుచన చేయకుండా చెంచా వెనకతో అరచేయంత, సుమారు ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పుకు నెమ్మదిగా సర్దాలి. మందం ఒక సెంటీమీటరు లోపు ఉండాలి. అంతకన్నా పెద్దది వేస్తే ఎంత చేయి తిరిగినవాళ్లకైనా తిప్పేటప్పుడు విరుగుతుంది. మూత పెట్టి మూడు నిమిషాలు ఆగాలి. ఆవిరి పైభాగాన్ని ఉడికిస్తుంది, అందుకే మూత.

మైదా అట్ల అలవాటు ఉన్నవాళ్లు పైన బుడగలు వచ్చి పగిలేదాకా చూస్తారు. ఇందులో అలా బుడగలు రావు. వాటికోసం కాచుకుంటే అడుగు మాడిపోతుంది. అంచుల మెరుపు పోయి మసకగా అయిందా, నడుమ వేలితో తాకితే అంటకుండా ఉందా అన్నదే గుర్తు. అప్పుడు వెడల్పుగా, పలుచగా ఉన్న అట్లకాడను పూర్తిగా కిందికి పోనిచ్చి ఒక్కసారిగా తిప్పాలి. రెండో వైపు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు చాలు. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉందంటే సెగ ఎక్కువైనట్టు. కొబ్బరిలో తీపి ఉంది, దానికి బెల్లం తోడైతే ఇంకా తొందరగా మాడుతుంది. పిల్లలకు తీపి ఎక్కువ కావాలంటే పిండిలో కాకుండా అట్టు మీద వేసివ్వండి. అట్టు అసలు పొంగకపోతే బేకింగ్ పౌడర్ పాతదై ఉంటుంది. అర చెంచా వేడి నీళ్లలో వేసి చూడండి, బుసబుసా నురగ రాకపోతే కొత్తది తెచ్చుకోవాలి. ఆ డబ్బా మీద కూడా ఏ స్టార్చ్ వాడారో, అది గోధుమది కాదు కదా అని చదవాలి.

శనివారాలు, శ్రావణమాసం, నోములు అని గుడ్డు ముట్టని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. గుడ్డు లేకుండా కొబ్బరి పిండి ఒక్కదానితోనే అట్టు రాదు, వస్తుందని చెప్పడం మోసం. కొబ్బరి పిండి రెండు పెద్ద చెంచాలు, బియ్యపు పిండి అర కప్పు, ఇసబ్‌గోల్ పొట్టు ఒకటిన్నర టీ చెంచా, కమ్మటి పెరుగు అర కప్పు, నీళ్లు 60 నుంచి 80 మిల్లీలీటర్లు, ఉప్పు కలిపి పది నిమిషాలు నాననిచ్చి, పెనం కాలాక చివర్లో పావు టీ చెంచా వంట సోడా వేసి వెంటనే వేసుకోవాలి. ఇసబ్‌గోల్ జిగురు గుడ్డు చేసే పనిలో కొంత చేస్తుంది. ఇది గుడ్డుతో చేసినంత పొంగదు, మందపాటి దిబ్బ అట్టులా వస్తుంది. మూతపెట్టి మొదటి వైపు నాలుగు నిమిషాలు కాల్చాలి. ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి కారంగా చేసుకుంటే మా లెక్కన తీపిదాని కన్నా ఇదే రుచి.

కారం అట్టు అనగానే ఇంగువ గుర్తొస్తుంది. అంగట్లో దొరికే పొడి ఇంగువలో చాలావాటిలో గోధుమ పిండి లేదా మైదా కలిపి ఉంటుంది. చారులో, పచ్చడిలో, పులిహోరలో చిటికెడే కదా అని వేస్తారు. సెలియాక్ ఉన్నవాళ్లకు ఆ చిటికెడూ వద్దు. ఎండాకాలం చలువని ఇచ్చే బార్లీ జావ మరీ ప్రమాదం, బార్లీలోనూ గ్లూటెన్ ఉంది. పాలలో కలిపే మాల్ట్ పొడులు కూడా చాలావరకు బార్లీవే. ఉప్మా రవ్వ, సేమియా గోధుమవి, ఇడ్లీ రవ్వ బియ్యానిది. ఈ రెండు రవ్వల పేర్లు కలగలిసి ఎన్నో పొరపాట్లు జరుగుతున్నాయి. ఓట్స్‌లో గోధుమ కలవడం మామూలు, గ్లూటెన్ లేదని ముద్ర ఉంటే తప్ప ముట్టొద్దు. ఆ ముద్రకు లెక్క ఉంది. దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ మించకూడదు. చపాతీ కాల్చే పెంక, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, చెక్క గంటె, జల్లెడ వీటిని ఎంత కడిగినా పిండి పోదు. సెలియాక్ ఉన్నవాళ్లకు ఇవి వేరుగా ఉండాలి. జల్లెడను అందరూ మరిచిపోతారు.

మీ వ్యాసంలో లేని ఇంకో ముఖ్యమైన సంగతి పరీక్ష. కడుపు ఉబ్బరం, విరేచనాలు, పిల్లల్లో ఎదుగుదల ఆగడం, మందులకు తగ్గని రక్తహీనత ఉంటే కొందరు తమంతట తామే గోధుమ మానేస్తున్నారు. సెలియాక్‌కు చేసే టీటీజీ ఐజీఏ రక్తపరీక్షలో చూసేది గ్లూటెన్ తింటున్నప్పుడు ఒంట్లో పుట్టే యాంటీబాడీలనే. ముందే మానేస్తే అవి తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేనట్టు వస్తుంది. అందుకని పరీక్ష ముందు, మానడం తర్వాత. ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో ఈ జబ్బు తక్కువే. కానీ షుగర్ వచ్చిందని రాత్రిపూట చపాతీకి మారిన ఇళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి, గోధుమ మనకు పరాయి తిండి కాదిప్పుడు.

కొబ్బరి పిండి ఎక్కువ తింటే ఎక్కువ మేలు అన్న ధోరణి కూడా ఆ వ్యాసంలో ఉంది. 30 గ్రాముల్లో పది గ్రాములకు పైనే పీచు ఉంటుంది. అలవాటు లేని కడుపుకు, ముఖ్యంగా పేగు ఇంకా మానని పిల్లలకు ఒకేసారి నాలుగైదు అట్లు పెడితే ఉబ్బరం వస్తుంది, మళ్లీ గోధుమే తగిలిందని తల్లి భయపడుతుంది. మొదటి వారం పూటకు ఒక్కటి, పక్కన నీళ్లు ఎక్కువ. బడి డబ్బాలో పెట్టేటప్పుడు పూర్తిగా చల్లార్చి మూత పెట్టండి. గుడ్డు, పాలు ఉన్నాయి కాబట్టి మన ఎండలకు ఎక్కువసేపు ఉంచొద్దు.

పైకం లెక్క కూడా చెప్పాలి. ప్యాకెట్ కొబ్బరి పిండి ఖరీదైనది, రోజూ కొని తినే తిండి కాదు. రేషన్ బియ్యంతో పట్టుకున్న పిండితో సర్వపిండి, ఇంట్లో పట్టిన జొన్నల రొట్టె, మక్కగట్క రోజువారీకి ఉన్నాయి. కొబ్బరి అట్టు పుట్టినరోజుకో, కేకు కోసం మారాం చేసే పిల్లలకో చేసే తిండి. దాన్నలాగే పరిచయం చేయాలి.

వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వేయమని కోరుతున్నాం. ‘మైదాకు బదులు అంతే’ అన్నచోట 30 గ్రాముల పిండికి మూడు గుడ్లు, 60 మిల్లీలీటర్ల పాలు అని, కుడుకల మాట ఉన్నచోట పాలు పిండిన పిప్పి అని వేయండి. ఇకముందు ఇచ్చే ప్రతి గ్లూటెన్ లేని వంటకంలో కొలతలు గ్రాముల్లో ఇచ్చి, ఇంగువ, బేకింగ్ పౌడర్, పిండి పట్టించిన చోటు ఈ మూడింటి గురించి ఒక్కో వాక్యం చేర్చండి.

ఇట్లు,
గోధుమ పడని పిల్లల ఇళ్లకు వంట నేర్పుతున్న కొందరు,
నల్లగొండ